ఒంటరిగా వెళ్తే మసాయి మారా కన్నా క్రూగర్ మేలు

ఆఫ్రికా సఫారీ అనగానే మనవాళ్ళు ముందు కెన్యాలోని మసాయి మారా పేరే ఎత్తుతారు. నలుగురైదుగురు కలిసి వెళ్తే అది బాగానే ఉంటుంది. ఒక్కరే వెళ్ళేటట్టయితే మాత్రం నా ఓటు దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌కే. మారాలో జంతువులకేం కొదవలేదు, కాకపోతే అక్కడ ఒక్కరికే జీపు మాట్లాడుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని నైరోబీలో షేరింగ్ వ్యాన్ ఎక్కుతాం. ఎక్కాక పక్కవాళ్ళు ఫోటోలు అయిపోయాయి పదండి అంటే మనమూ పదాల్సిందే. పైగా 2024 నుంచి విదేశీయులకి ప్రవేశ రుసుము రోజుకి 100 డాలర్లు, వలస జంతువులు నది దాటే సీజన్ ఉన్న జూలై నుంచి డిసెంబరు దాకా 200. గదిలో ఒక్కరే ఉన్నందుకు టెంట్ క్యాంపువాళ్ళు వేసే అదనం వేరే.

నేనెక్కిన వ్యాన్ కంపెనీ పేరు ఎందుకులే గానీ, అందరికీ కిటికీ సీటని చెప్పి నన్ను మధ్యలో ఇరికించారు. డ్రైవర్ మాత్రం మంచివాడు, కళ్ళు చాలా చురుకు. కానీ రేడియోలో ఎక్కడో చిరుత కనబడిందని వినిపిస్తే చాలు, అన్ని బళ్ళూ అటే పరుగు. చెట్టు కొమ్మ మీంచి వేలాడుతున్న తోక ఒక్కటే నాకు దక్కింది, మిగతాదంతా ముందు వ్యాన్‌లోని వాళ్ళ టోపీలు.

అయినా మారాలో ఒక మధ్యాహ్నం మర్చిపోలేను. ఎండకి తట్టుకోలేక ఒక ఆడసింహం నడుచుకుంటూ వచ్చి మా బండి నీడలో కూలబడింది. కిందికి చూస్తే చెవి వెనక నల్లటి మచ్చ, దాని మీద ముసిరే ఈగలు, ఎగిరెగిరి పడుతున్న డొక్కలు. పది నిమిషాలు ఎవరూ నోరు మెదపలేదు, వ్యాన్ ఎక్కినప్పటి నుంచీ వాగుతూనే ఉన్న ఆయన కూడా!

కెన్యాలోనే నైవాషా సరస్సు పక్కన హెల్స్ గేట్ పార్కుంది. అక్కడ సైకిల్ మీద తిరగొచ్చు, సైకిళ్ళు గేటు దగ్గరే అద్దెకిస్తారు, బ్రేకులు చూసుకుని తీసుకోండి. జీబ్రాలు గడ్డి కొరికే చప్పుడు కూడా వినబడుతుంది. అడవి దున్నలు దారి పక్కన ఉంటే మాత్రం ఆగిపోవాలి, అవి కదిలేదాకా మనం కదలకూడదు. ఒంటరివాళ్ళకి తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి రోజు కెన్యాలో నాకు కనబడలేదు.

ఇక క్రూగర్. దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల అడవి, లోపల తారు రోడ్లు, అక్కడ మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్. మామూలు చిన్న కారు చాలు. తారు మీద వేగం 50, మట్టి దారిలో 40 దాటకూడదు, గేటు మూసేలోపు పార్కు లోపల బస చేసే క్యాంపుకి చేరకపోతే జరిమానా. లోయర్ సాబీ క్యాంపు బయటే సన్‌సెట్ డ్యామ్ ఉంది. కారు ఆపుకుని కూర్చుంటే హిప్పోలు, మొసళ్ళు, కొంగలు. ఎవరూ పదమనరు, అదే నాకు కావాల్సింది.

ఆ చుట్టుపక్కల ఒక మట్టి రోడ్డులోనే మదపుటేనుగు ఎదురైంది. చెంపల మీద మదం కారి చారలు కట్టింది, వెనక కాళ్ళు లోపలి వైపు తడితడిగా ఉన్నాయి, తల ఎత్తుకుని నడిరోడ్డున నా వైపే వస్తోంది. ఇలాంటప్పుడు హారన్ కొట్టకూడదు, ఇంజన్ రేస్ చేయకూడదు, రివర్స్ గేరేసి అదెంత నెమ్మదిగా వస్తే అంత నెమ్మదిగా వెనక్కి పోవాలి. వెనక అద్దం చూసుకోవాలా, దాన్ని చూడాలా అన్న టెన్షన్‌లో చేతులు చెమటతో స్టీరింగ్ మీద జారుతున్నాయి, ఘాటు వాసన కారులోకి వచ్చేసింది. మలుపు దాకా తరిమి, ఇక నాతో పని లేనట్టు పక్కకి తిరిగి ఒక మారులా చెట్టుకి ఒళ్ళు రుద్దుకోవడం మొదలెట్టింది.

స్కుకూజా క్యాంపు దగ్గర లేక్ పానిక్ అని పక్షులు చూసే చాటు గది ఉంది, పొద్దున్నే వెళ్తే బల్ల మొత్తం మీదే. మన చెరువుల మీద కనబడే నలుపు తెలుపు లకుముకి పిట్టే అక్కడా ఉంది, గాల్లో ఒకచోటే రెక్కలాడిస్తూ నిలబడి దబ్బున నీళ్ళలో పడుతుంది.

క్యాంపు గుడిసెలు శుభ్రంగా ఉంటాయి, హంగులేం ఉండవు. ఉమ్మడి వంటిల్లు ఉంది కాబట్టి అన్నం వండుకోవచ్చు, తిండి మాత్రం బయట వదలొద్దు, కోతులు క్షణంలో ఎత్తుకుపోతాయి. రాత్రి సతారా క్యాంపు కంచె వెంబడి హైనాలు తిరుగుతుంటాయి. పార్కువాళ్ళ రాత్రి సఫారీ, తుపాకీ ఉన్న గైడ్లతో పొద్దున నడక రెండూ సీటు లెక్కన అమ్ముతారు, ఒంటరివాళ్ళకి నష్టం లేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా గడ్డి ఎండి జంతువులు బాగా కనబడతాయి, గదులు నెలల ముందే పట్టుకోండి. మలేరియా మాత్రల సంగతి డాక్టర్ని అడగండి. కెన్యా చూసుకుని దక్షిణాఫ్రికా వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు చేతిలో ఉండాలి, లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు.