గుర్రాల వెల్లుల్లి పొడి: డబ్బాలో వచ్చే స్కూపుతో కొలవొద్దు

జోరీగలు వాలవని, దగ్గు తగ్గుతుందని దాణాలో కలిపే ఎండు వెల్లుల్లి పొడి డబ్బాల్లో దొరుకుతోంది. సరుకు సంగతి పక్కన పెడితే అసలు తంటా మోతాదుతోనే. ‘రోజుకో స్కూపు’ అని రాస్తే ఏమనుకోవాలి? 450 కిలోల గుర్రానికా, 200 కిలోల పొట్టి జాతి పోనీ గుర్రానికా?

వెల్లుల్లిలోని గంధకపు పదార్థాలు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను చెడగొడతాయి. అది కణం లోపలే ముద్దకడుతుంది. ఆ ముద్దలనే హైంజ్ బాడీలంటారు. ప్లీహం అలాంటి కణాలను ఏరి పారేస్తుంది, దాంతో రక్తహీనత వస్తుంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో ప్రచురించిన ప్రయోగంలో మోతాదు మెల్లగా పెంచుతూ, కిలో బరువుకు పావు గ్రాము చొప్పున రెండు పూటలా దాకా తీసుకెళ్లారు. 71 రోజుల్లో ఆ గుర్రాలకు ఇదే వచ్చింది. వెల్లుల్లి మాన్పించాక ఐదు వారాలకు చాలావరకు కోలుకున్నాయి. పెట్టింది రెండు గుర్రాలకే, అది నిజమే. కానీ అంత వెల్లుల్లినీ అవి ఇష్టంగానే తినేశాయి. ‘ఎక్కువైతే అదే వదిలేస్తుందిలే’ అనే సాయిసుల మాట ఇక్కడ చెల్లదు.

పెట్టి తీరాలనుకుంటే కిలో బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాములు దాటనివ్వకండి. తూకం యంత్రం లేకపోతే టేపు చాలు: ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే హెచ్చించి, భుజం కొస నుంచి పిరుదు కొస దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి 11,880తో భాగించాలి. చుట్టుకొలత 170, పొడవు 150 అయితే సుమారు 365 కిలోలు. అంటే రోజుకు ఐదున్నర గ్రాముల పొడి. నగల కాటాలాంటి చిన్న డిజిటల్ కాటాపై తూచండి. వానాకాలంలో పొడి చెమ్మపట్టి గడ్డకడుతుంది, అప్పుడు స్కూపు కొలత ఇంకా తప్పుతుంది. పొడిని తడి తవుడులో కలపాలి. దగ్గే గుర్రానికి ఆ దుమ్మే కొత్త బాధ. వంటింటి ఉల్లి తొక్కలు ఆ దాణాలో వేయకండి, అవీ ఇదే చేస్తాయి.

చిగుళ్లు పాలిపోయినా, పసుపు రంగుకు తిరిగినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, గుర్రం నీరసించినా వెంటనే మానేసి పశువైద్యుణ్ని పిలవండి. రక్తపరీక్షకు పంపేటప్పుడు పీసీవీతో (రక్తంలో ఎర్రకణాల శాతం) పాటు న్యూ మిథిలిన్ బ్లూ రంగు వేసి స్మియర్ (గాజు పలకపై పరిచిన రక్తపు పూత) చూడమని అడగాలి; మామూలు రంగులో హైంజ్ బాడీలు సరిగా కనబడవు.

రక్తహీనత ఉన్న గుర్రానికి, చూడి గుర్రానికి ఈ డబ్బా అసలు వద్దు. ఈగలు తగ్గుతాయన్నదానికి గట్టి రుజువు లేదు, అందుకోసమైతే కొనక్కర్లేదు. రోజూ లద్దె ఎత్తేసి, గుర్రానికి ఈగల వల కప్పితే అంతకంటే బాగా పని జరుగుతుంది.