గురువారాలన్నీ ఒకే వరసలో: మా గోడ క్యాలెండర్ గురించి

డిసెంబరు వచ్చిందంటే ఏ ప్లానర్ కొనాలి, ఏ హ్యాబిట్ యాప్ బాగుంటుంది అని మా వాళ్లంతా అడగడం మొదలుపెడతారు. నేను కొన్నేళ్లుగా వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడే మామూలు తెలుగు క్యాలెండర్‌తోనే ఇల్లు నడుపుతున్నాను. తిథి, వర్జ్యం, రాహుకాలం, పండగలు, సెలవులు... అందులో ఏముంటాయో మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది దాని గడుల అమరిక గురించి. ఆ అమరిక అంటే నాకు ప్రాణం.

ఫోన్‌లోనూ ఆఫీసు టేబుల్ క్యాలెండర్లలోనూ ఆది, సోమ, మంగళ అని పైన రాసి ఉంటుంది. మా గోడ క్యాలెండర్లో అవే పేర్లు ఎడమ పక్కన పై నుంచి కిందికి ఉంటాయి. కాబట్టి తేదీలు నిలువుగా దిగుతాయి. అడ్డంగా చూస్తే సోమవారాలన్నీ ఒక వరస, గురువారాలన్నీ ఒక వరస. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. పనులు రాసుకోవడం మొదలుపెట్టాక గానీ అది ఎంత మంచి ఏర్పాటో నాకు అర్థం కాలేదు.

ఇంట్లో రోజూ చేసే పనులు ఎవరూ గుర్తు చేయకుండానే జరిగిపోతాయి. పాలు కాయడం, వంట ఎవరు మర్చిపోతారు? నెలకోసారి చేసేవాటిని బిల్లు వచ్చి గుర్తు చేస్తుంది, చీటీ పాట రోజున చీటీ ఆవిడే ఫోన్ చేస్తుంది. జారిపోయేవల్లా వారానికోసారి చేయాల్సినవే. ఈ వారం కాకపోతే వచ్చే వారం అనుకుంటాం, అంతే, రెండు నెలలు గడిచిపోతాయి. సరిగ్గా అలాంటి పనులకే ఈ అడ్డ వరస పనికొస్తుంది.

మా ఇంట్లో శుక్రవారం వరస నిలవ నీళ్లది. కూలర్, పూలకుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీద మర్చిపోయిన బకెట్టు, అన్నీ ఒంపేసి ఆరబెట్టాలి. దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వారం, పది రోజులు పడుతుంది. మున్సిపాలిటీ వాళ్లు 'ఫ్రైడే డ్రై డే' అని చెప్పేది అందుకే. వారానికోసారి ఒంపేస్తే ఆ లెక్క తెగిపోతుంది. బుధవారం వరస పిన్నికి ఫోన్ చేయడానికి. ఆదివారం సాయంత్రం ఖర్చులు రాసుకుని, ముందున్న వారం మీద ఓ చూపు చూడటం. గురువారం అత్తయ్యగారి షుగర్.

ఈ గురువారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

పరగడుపున వేలి చివర గుచ్చి, మెషిన్ చూపించిన అంకె ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాస్తాం. అంతకుముందు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసేవాళ్లం. పుస్తకం ఒక గదిలో, మెషిన్ ఇంకో గదిలో. రాసినా తిరగేసి చూసినవాళ్లు లేరు. గడిలోకి మార్చాక అంకెలు పక్కపక్కన నిలబడ్డాయి. 2025 జనవరి గురువారాలు 2, 9, 16, 23, 30. మొదటి రెండు గడుల్లో నూట ముప్పైల్లో ఉన్న అంకె, కనుమ మర్నాడు, అంటే 16వ తేదీ గడిలో నూట డెబ్బై దాటింది. ఎవరూ ఏమీ అనలేదు. అత్తయ్యగారే గోడ దగ్గర కాసేపు నిలబడి చూసి, "అరిసెల డబ్బా పైన పెట్టెయ్యి అమ్మా" అన్నారు. అంతకుముందు నేను చెప్పినా, మావారు చెప్పినా, డాక్టరుగారు చెప్పినా ఆవిడ వినలేదు. పక్క గడిలో అంకె చూశాక విన్నారు.

ఫిబ్రవరిలో చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ జనవరి కాగితాన్ని ఫోటో తీసి డాక్టరుగారికి చూపించాను. ఆయన ఫోటో పెద్దది చేసి, వేలితో ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చూసి, సంక్రాంతి వారం తప్ప మిగతాదంతా బాగానే ఉందని చెప్పేశారు. నోటుపుస్తకం తీసుకెళ్లినప్పుడు నాలుగు పేజీలు తిరగేయాల్సి వచ్చేది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంకో మేలు కూడా ఉంది. అలవాటు కావాలంటే 21 రోజులు చాలనే మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో సగటు 66 రోజులు తేలింది. కొందరికి 18 రోజులే పట్టేట్టుంటే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటేమీ చెడలేదని కూడా వాళ్లే చెప్పారు. నాకు ఆ రెండో మాట బాగా పనికొచ్చింది. యాప్‌లో ఒక్క రోజు తప్పితే అప్పటిదాకా పేరుకున్న లెక్క సున్నాకి వచ్చి, మళ్లీ మొదలుపెట్టబుద్ధి కాదు. గోడ మీద అలా కాదు. శుక్రవారం వరసలో ఒక గడి ఖాళీగా ఉంటే దాని పక్కన మూడు టిక్కులు అలాగే ఉంటాయి. పెళ్లికి ఊరెళ్లి ఒక వారం ఖాళీ వదిలినా, వచ్చిన శుక్రవారం మళ్లీ అందుకున్నాం.

అయితే పైన రాసినదంతా వారానికోసారి చేసే పనులకే వర్తిస్తుంది. రోజువారీ లెక్కలకి ఆ గడి చాలదు. పొద్దున బీపీ మాత్ర, రాత్రి షుగర్ మాత్ర, నడక, నీళ్లు వచ్చే రోజు, పాల ప్యాకెట్ల లెక్క అన్నీ అందులోనే రాస్తే వర్జ్యం ఎక్కడుందో కనపడక అత్తయ్యగారు విసుక్కుంటారు. ఆవిడకి ఆ గడిలో ముందు పంచాంగం, తర్వాతే నా రాతలు. న్యాయమే కదా. అందుకని మాత్రలకి వారాల అరలున్న ప్లాస్టిక్ డబ్బా కొన్నాం. మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అది ఏ వరసలోనూ కూర్చోదు.

అసలు దెబ్బ మాత్రం 2025 మార్చిలో తగిలింది. దాని గురించి ఇప్పటికీ నాకు కోపమే.

ఆ నెల 1వ తేదీ శనివారం పడింది. ఆదివారం నుంచి మొదలయ్యే క్యాలెండర్లో మొదటి నిలువు వరసలో అన్నిటికన్నా కింద 1 ఉంటుంది. తర్వాత నాలుగు వరసల్లో 29 వరకు సరిపోతుంది. ఇంక 30, 31 మిగిలాయి. ఆరో వరసకి కాగితం మీద చోటు లేదు. అందుకని ఆ రెండింటినీ తీసుకెళ్లి మొదటి వరసలో ఖాళీగా ఉన్న పై గడుల్లో పెట్టారు. అంటే 1వ తేదీకి పైన 30, 31! పైగా ఆ ఏడాది 30 ఆదివారం ఉగాది, 31 సోమవారం రంజాన్. రెండూ ఎర్ర రంగులో మెరుస్తూ, పేజీలో అన్నిటికంటే ముందు.

అత్తయ్యగారి హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి ఆఖరు రోజు మార్చి 31. నెల మొదట్లోనే ఆ గడిలో 'ప్రీమియం' అని రాసి సున్నా చుట్టాను. డబ్బు నెలాఖరుకి చేతికొస్తుంది, ఆఖరి వారంలో కడదామని మావారు, నేను అనుకున్నాం. 23వ తేదీ ఆదివారం సాయంత్రం ఎప్పటిలాగే కూర్చుని ముందున్న వారం చూశాను. 23 నుంచి 29 దాకా నిలువు వరస. శుక్రవారం నీళ్లు, గురువారం షుగర్, ఒక పుట్టినరోజు, అంతే. కళ్లు ఆ వరసతో ఆగిపోయాయి, ఎందుకంటే పేజీ అక్కడితో ఆగిపోయింది. నెల చివరి రోజు ఎడమ పక్కన పైన ఉంటుందని ఎవరు వెతుకుతారు?

30న ఉగాది. పచ్చడి, బొబ్బట్లు, సాయంత్రం గుడిలో పంచాంగ శ్రవణం. ఆ ఆదివారం లెక్కలకి కూర్చునే తీరిక లేదు. 31న అందరికీ సెలవు, పక్కింటివాళ్లు షీర్ ఖుర్మా పంపారు, హాయిగా గడిచింది. 1వ తేదీ పొద్దున పాప మార్చి కాగితం తిప్పేసింది. తర్వాత మూడు నాలుగు రోజులకి ఏజెంటుగారు ఫోన్ చేసి, "ఏమ్మా, ఈసారి రెన్యువల్ వద్దనుకున్నారా?" అని అడిగారు. నా గుండె ఝల్లుమంది. కాగితం మళ్లీ వెనక్కి తిప్పితే 1వ తేదీ నెత్తి మీద సున్నా చుట్టి మరీ ఉంది ఆ మాట.

ఏడాదికోసారి ప్రీమియం కట్టే ఆరోగ్య పాలసీలకి, ఆఖరు తేదీ దాటాక కూడా కట్టుకోవడానికి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది కాబట్టి బతికిపోయాం. ఆ పూటే కట్టేశాం, పాలసీ తెగలేదు, పాత జబ్బుల ఖర్చు పాలసీ ఇచ్చేముందు ఆగాల్సిన వెయిటింగ్ కాలంలో అప్పటిదాకా గడిచిందీ పోలేదు. కానీ ఆఖరు తేదీ దాటి డబ్బు కట్టేదాకా ఉన్న రోజుల్లో ఆసుపత్రి ఖర్చు వస్తే పాలసీ ఇవ్వదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తయ్యగారికి జ్వరం, ఆయాసం. ఇంటి దగ్గరి మందులతో తగ్గింది గానీ, డెబ్బై దాటిన మనిషి, ఆ రాత్రి అడ్మిట్ చేయాల్సి వస్తే ఏమయ్యేదని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఒక గడిని కింద పెట్టే చోటు లేక పైన పెట్టినందుకు ఒక కుటుంబం అంత భయపడాలా? ఆ రెండు తేదీలని ఐదో వరసలోనే 23, 24 గడుల్లో సగం సగం చేసి వేసే క్యాలెండర్లూ ఉన్నాయి. అంకె చిన్నదైతే అయింది, ఉండాల్సిన చోట ఉంటుంది.

ఇలా తేదీలు పైకెక్కడం ఏయే నెలల్లో వస్తుందో ముందే తెలుసుకోవచ్చు. 31 రోజుల నెల శుక్రవారం మొదలైతే 31 పైకి వెళ్తుంది. శనివారం మొదలైతే 30, 31 రెండూ వెళ్తాయి. 30 రోజుల నెల శనివారం మొదలైతే 30 వెళ్తుంది. 2025లో మార్చి, ఆగస్టు, నవంబరు ఇలాంటివి. 2026లో రెండే: మే 31, ఆగస్టు 30, 31. కొత్త క్యాలెండర్ మేకుకి తగిలించే ముందే ఆ రెండు కాగితాలు తీసి, ఆఖరి వరస కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో '31 పైన ఉంది' అని రాసి బాణం గీస్తాను. అన్నట్టు 2026 ఫిబ్రవరి ఆదివారం మొదలై శనివారం ముగుస్తుంది. సరిగ్గా నాలుగు వరసలు. ఐదో వరసలో ప్రకటన వేయకపోతే ఆ జాగా అంతా మనదే.

కాగితం గురించి ఒక్క మాట. బట్టల దుకాణాలు, నగల దుకాణాలు ఉచితంగా ఇచ్చే క్యాలెండర్లు ఈమధ్య నున్నటి మెరిసే కాగితం మీద వస్తున్నాయి. చూడ్డానికి అందమే, కానీ పెన్సిల్ పడదు, బాల్ పెన్ను జారుతుంది, జెల్ పెన్ను అంటుకుని పక్క గడి దాకా పాకుతుంది. ఒక ఏడాది అలాంటిదే తగిలించి మార్చికల్లా విసుగొచ్చి మార్చేశాం. టీటీడీ పన్నెండు పేజీల క్యాలెండర్ పూజగదిలోకి తెచ్చుకుంటాం, దాని మీద రాయడానికి మాకెవరికీ చేతులు రావు. రాసుకోవడానికి మాత్రం గరుకు కాగితం, పెద్ద గడులు ఉన్నది డబ్బు పెట్టి కొంటాను. కొనేముందు షాపులోనే ఒక మూల పెన్సిల్‌తో చిన్న గీత గీసి చూస్తాను, ఇప్పటిదాకా ఎవరూ వద్దనలేదు.

జనవరి 1న మొదలుపెట్టలేకపోయామని బాధపడేవాళ్లకి ఈ క్యాలెండర్లో ఇంకో గుమ్మం కూడా ఉంది. 2026లో ఉగాది మార్చి 19న, గురువారం. మా చెల్లెలు జనవరిలో ఏదీ నిలబెట్టుకోలేనని ఉగాది నుంచి ఒకే ఒక్క వరస, ఆదివారం ఖర్చుల లెక్క, మొదలుపెడుతోంది. ఒక్క వరసతో మొదలుపెట్టమని నేనే చెప్పాను. నాలుగు ఒకేసారి పెట్టుకుంటే ఎవరికైనా కష్టమే.

ఇది అందరికీ సరిపోతుందని అనను. మేమందరం ఒకే ఇంట్లో ఉంటాం, అందరం ఆ గుమ్మం దాటే వంటింట్లోకి వెళ్తాం, అత్తయ్యగారు పంచాంగం కోసం రోజూ దాని ముందు నిలబడతారు. హాస్టల్లో ఒక్కరే ఉండేవాళ్లకి, వారంలో సగం ప్రయాణాల్లో ఉండేవాళ్లకి ఫోనే నయం. ఇంట్లో అందరూ చూస్తారన్నది దీని బలమని చాలా రోజులు అనుకున్నాను, కానీ చుట్టాలు కూడా చూస్తారు. అందుకే అప్పుల వాయిదాలు, ఆసుపత్రి సంగతులు కొన్ని ఇప్పుడు గోడ మీద రాయడం మానేశాను, షుగర్ అంకె ఒక్కటే అత్తయ్యగారి ఇష్టంతో ఉంచాం. ఇన్సూరెన్స్ లాంటి ఏడాదికోసారి వచ్చే తేదీలకి గడితో పాటు ఫోన్‌లో అలారం కూడా పెడుతున్నాను, పదిహేను రోజుల ముందు ఒకటి, మూడు రోజుల ముందు ఇంకొకటి. గోడని పూర్తిగా నమ్మేది వారపు పనుల వరకే.

పాప ఇంటర్‌కి వచ్చింది. చదువు ప్లాన్‌కి ఈ గడులు చాలవు, రోజుకో పేజీ ఉన్న డైరీ కావాలంది. పరీక్షల లెక్క వారాల్లో కాదు, రోజుల్లో ఉంటుంది కాబట్టి కొనిచ్చాను.