రాంచ్‌కు ఏ కథ కుదురుతుంది: సిండరెల్లానా, రెడ్ రైడింగ్ హుడ్డా?

బడి వార్షికోత్సవాలు దగ్గరపడితే ఈ ప్రశ్న తప్పదు: "పిల్లలతో రాంచ్‌లో, అంటే అమెరికాలో కౌబాయ్‌లు పశువులను కాసే పెద్ద క్షేత్రంలో, జరిగే కౌబాయ్ నాటకం వేయిస్తున్నాం, తెలిసిన కథనే మార్చి రాయాలి, ఏది మేలు?" పోయిన నెల డాలస్‌లో ఉన్న మా చెల్లెలి పిల్లలు అడిగితే నేనూ రెండు కథలతో కుస్తీ పట్టాను.

మొదట రెడ్ రైడింగ్ హుడ్ వైపే మొగ్గాను. తోడేలు సిద్ధంగా ఉంది కదా! 19వ శతాబ్దం చివర్లో అమెరికా పశ్చిమాన పశువుల ఆసాములు తోడేళ్ళ తలకు వెల కట్టి మరీ చంపించారు. పగ కొత్తగా కల్పించనక్కర్లేదు. తీరా రాయబోతే కథ కదలదు. తోడేలు పిల్లను ఏమార్చి ముందుగా అవ్వ ఇంటికి చేరాలంటే చెట్ల చాటు కావాలి. గడ్డి మైదానంలో అల్లంత దూరాన దుమ్ము లేస్తేనే ఎవరో వస్తున్నారని తెలిసిపోతుంది. పైగా అవ్వ గుమ్మం పక్కన తుపాకీ ఉంటుంది. తోడేలు దుప్పటి కప్పుకునే లోపే తెర దించాలి.

టోపీలు పెట్టి, గడ్డిమోపులు పేర్చినంత మాత్రాన రాంచ్ కథ కాదు. పాత కథలోని ముడి ఆ బతుకులోంచే పడాలి. నేను చూసేది అదొక్కటే. సిండరెల్లా గెలిచింది అక్కడే.

ఆమె అర్ధరాత్రి ఎందుకు పరుగెత్తాలి? మంత్రం అక్కర్లేదు. పశువులను పోగుచేసే రోజుల్లో కాపరులు వంతులవారీగా రాత్రంతా మంద చుట్టూ గుర్రం మీద తిరుగుతూ, అవి బెదరకుండా పాటలు పాడేవారు. పన్నెండింటి వంతు సిండరెల్లాది.

ఇక సిండరెల్లా కాలి చెప్పు సంగతి. ఆ కథ రాసిన ఫ్రెంచి రచయిత పెరో 1697లో గాజుది తొడిగాడు, ఇక్కడ బూటు. కౌబాయ్ బూటుకు ఎత్తు మడమ ఉండేది పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, కాలు పెట్టుకునే కడియంలోంచి) దూరిపోకుండా. నున్నటి అడుగు, వదులైన పైభాగం ఎందుకంటే, రౌతు కింద పడ్డప్పుడు గుర్రం ఈడ్చుకుపోకుండా కాలు బూటులోంచి ఊడిరావడానికి. నా నాటకంలో సిండరెల్లా చీకట్లో కంగారుపడి, రాకుమారుడి జాగాలో ఉన్న ఆసామి కొడుకు గుర్రాన్ని ఎక్కుతుంది. అది విదిలించి పడేస్తుంది. ఆమె లేచి ఒంటి బూటుతో తన గుర్రం దగ్గరికి పరుగు. రెండోది అతని రికాబులోనే వేలాడుతూ ఉంటుంది. కొలత సంగతీ తేలికే: 1879లో హెచ్.జె. జస్టిన్ టెక్సస్‌లోని స్పానిష్ ఫోర్ట్‌లో కాపరులకు బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. కాలికి కొలిచి కుట్టి, తొడిగి తొడిగి ఆ పాదం రూపే పట్టిన బూటు ఇంకొకరికి ఎలా పడుతుంది?

దేవకన్య స్థానంలో వంటబండి ముసలాయనను పెట్టాను. వంటతోపాటు కాపరులకు క్షవరం, కట్టుకట్టడం కూడా చేసే మనిషి ఆయన. చిరిగిన గౌను కుట్టడం ఒక లెక్కా!

మూడు పందిపిల్లల కథ కూడా అడుగుతున్నారు. మరీ చిన్నపిల్లలైతే వేయించండి, గడ్డి ఇల్లు ఎగిరిపోతే చాలు వాళ్ళకు.

సిండరెల్లాకు ఒక ఇబ్బంది ఉంది, నాట్యం సన్నివేశానికి అమ్మాయిలు చాలరు. ఆ ఇబ్బంది పాత రాంచ్‌లలోనూ ఉండేది. కొందరు మగవాళ్ళు చేతికి రుమాలు కట్టుకుని ఆడవాళ్ళ జాగాలో ఆడేవారు. నాలుగు రుమాళ్ళు తెచ్చి ఉంచుకోండి.