పాలీహైప్ ఫోమ్‌కి స్పాన్ 80: కొనదగ్గదే, కడిగే ఓపిక ఉంటే

పాలీహైప్ అంటే నీటి బొట్లు కిక్కిరిసిన నూనె (మోనోమర్‌లు, అంటే పాలిమర్‌గా మారే ద్రవాలు) గట్టిపడి, బొట్లున్న చోట గదులు మిగిలే ఫోమ్. దాన్ని స్టైరీన్, డైవినైల్‌బెంజీన్ అనే మోనోమర్‌లతో చేయబోయేవాళ్లు మొదట తెప్పించుకోవాల్సిన సర్ఫాక్టెంట్ (నూనెనీ నీటినీ విడిపోకుండా ఉంచే పదార్థం) స్పాన్ 80. రసాయనంగా సోర్బిటాన్ మోనోఓలియేట్. హెచ్‌ఎల్‌బీ (నీటివైపా, నూనెవైపా మొగ్గు అని చెప్పే అంకె, తక్కువైతే నూనెవైపు) 4.3 కాబట్టి నూనెలో నీటి బొట్లని నిలబెడుతుంది. 1980ల మొదట్లో యూనిలీవర్ పేటెంట్‌తో పాలీహైప్ అన్న పేరు పుట్టింది. అప్పటి నుంచి స్టైరీన్ ఫోమ్‌ల రెసిపీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఎమల్షన్‌ని (ఈ నూనె, నీటి మిశ్రమాన్ని) పట్టి ఉంచడమే చూస్తే దీనికంటే గట్టివి ఉన్నాయి. పైపూత వేసిన సిలికా రేణువులతో కడితే ఎమల్షన్ రోజుల తరబడి కదలదు, కానీ ఆ ఫోమ్‌లో సాధారణంగా ఏ గదికా గది మూసుకుపోయి ఉంటుంది. స్పాన్ 80 వేస్తే బొట్టుకీ బొట్టుకీ మధ్య మోనోమర్ పొర బాగా పల్చబడుతుంది. అది పాలిమర్‌గా మారుతూ కుంచించుకుపోయేటప్పుడు పొర అక్కడక్కడా తెరుచుకుని, గదికీ గదికీ మధ్య కిటికీలు పడతాయి. ద్రావకం ఈ చివర నుంచి ఆ చివరికి పారాలంటే ఆ కిటికీలే దారి. దీనికి డబ్బు పెట్టేది అందుకే.

మోతాదు విషయంలో పిసినారితనం పనికిరాదు. మోనోమర్ బరువులో 20 నుంచి 30 శాతం వెయ్యాలి. 5 శాతం దగ్గరే ఆపేస్తే కిటికీలు పడవు. 50 దాటిస్తే గోడలు బలం కోల్పోతాయి.

పనిచేసే కొలత ఇది: స్టైరీన్ 8 మిల్లీలీటర్లు, 80 శాతం గ్రేడ్ డైవినైల్‌బెంజీన్ 2 మిల్లీలీటర్లు, స్పాన్ 80 రెండు గ్రాములు. మోనోమర్‌లని ముందు బేసిక్ అల్యూమినా గుండా దించి ఇన్‌హిబిటర్ (నిల్వలో గట్టిపడకుండా కలిపిన పదార్థం) తీసేయాలి. నీటి వైపు 90 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక గ్రాము కాల్షియం క్లోరైడ్, పాలిమర్ అవడాన్ని మొదలుపెట్టడానికి 0.2 గ్రాము పొటాషియం పర్‌సల్ఫేట్. స్పాన్‌ని కూడా నూనె కింద లెక్కేస్తే నీటి వాటా 88 శాతం. ఒకే సైజు గోళాలు సర్దుకోగల హద్దు 74 శాతం, అది దాటిందన్నమాట. కాల్షియం క్లోరైడ్ ఉప్పే కదా, దానిదేముందిలే అని మానేయకండి. అది లేకపోతే చిన్న బొట్లలోని నీరు పెద్ద బొట్లలోకి చేరిపోయి గదులు ముతకగా వస్తాయి.

ఓవర్‌హెడ్ స్టిరర్‌కి డి ఆకారపు టెఫ్లాన్ పాడిల్ తగిలించి, 300 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతూ నీళ్లని చుక్కచుక్కగా అరగంట పాటు దించాలి. మొదట్లో పాలలా ఉంటుంది. సగం నీళ్లు పడేసరికి చిక్కబడుతుంది. చివరికి గడ్డ పెరుగులా అయి, పాడిల్ పైకి తీస్తే కొసలు నిలబడతాయి. కళ్లు పెట్టాల్సింది ఫ్లాస్క్ అంచు మీద. అక్కడ నీళ్లు తళతళలాడుతున్నాయంటే ధార ఎక్కువైందని అర్థం. ధార ఆపేసి, ఆ మెరుపు పోయేదాకా తిప్పి, మళ్లీ మొదలెట్టాలి. ఆపకుండా పోస్తే ఎమల్షన్ విరిగి నీళ్లలా జారిపోతుంది. ఇక దాన్ని పారబోసి కొత్తగా కలుపుకోవడమే మేలు. అనుమానముంటే ఒక చుక్కని నీళ్లలో, ఇంకో చుక్కని టొలుయీన్‌లో వేసి చూడండి. టొలుయీన్‌లో విడిపోయి నీళ్లలో ముద్దగా ఉంటే సరైనదే.

అచ్చుకి పాలీప్రొపిలీన్ సీసా వాడాలి. గాజుకి నీరు అంటుకుంటుంది కాబట్టి గోడ దగ్గర ఎమల్షన్ చెదురుతుంది, ఫోమ్ కూడా ఊడిరాదు. మూత బిగించి 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాలి. తీసేటప్పుడు అడుగున నీటి మడుగు కనిపిస్తే ఎమల్షన్ గట్టిపడేలోపే విడిపోయిందన్నమాట.

ఇక దీనితో అసలు ఇబ్బంది కడగడం. స్పాన్ పాలిమర్‌కి అతుక్కోదు కాబట్టి వేసిన రెండు గ్రాముల్లో దాదాపు అంతా బయటికి తీయాల్సిందే. సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మరిగించి, చల్లార్చి మళ్లీ మళ్లీ పారించి కడిగే గాజు పరికరం) ఒక రోజు నీళ్లతో, ఇంకో రోజు ఐసోప్రొపనాల్‌తో కడగాలి. సరిగ్గా పోకపోతే ఫోమ్ చేతికి జిడ్డుగా తగులుతుంది. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్‌లో 1740 cm⁻¹ దగ్గర ఎస్టర్ కార్బొనిల్ (C=O బంధం) శిఖరం చూస్తే విషయం తేలిపోతుంది. ఈ పాలిమర్‌లో కార్బొనిల్ లేదు కాబట్టి అక్కడ శిఖరం ఉందంటే అది మిగిలిపోయిన స్పానే. కడిగే ఓపిక లేనివాళ్లకి హైపర్‌మర్ బీ246 అనే ఇంకో సర్ఫాక్టెంట్ మేలు, చాలా తక్కువ మోతాదుతో సరిపెడుతుంది.

గ్లైసిడిల్ మెథాక్రిలేట్ లాంటి ధ్రువ మోనోమర్‌లకి మాత్రం స్పాన్ 80 కొనకండి. వాటికి ప్లూరోనిక్ ఎల్121 అనే సర్ఫాక్టెంట్ వాడాలి.

సీసా తెరిచాక రెండు జాగ్రత్తలు. తేనెలా జిగటగా ఉంటుంది, పిపెట్‌తో కొలిస్తే సగం గోడలకే అంటుకుంటుంది. నేరుగా ఫ్లాస్క్‌లోకే తూచుకోండి. పేరుకి మోనోఓలియేటే అయినా లోపల డై, ట్రై ఎస్టర్‌లు కలిసే ఉంటాయి. అందుకే లాట్ నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోండి, లాట్ మారినప్పుడల్లా పెద్ద బ్యాచ్‌కి ముందు చిన్నది ఒకటి చేసి చూడండి.