ఈపీట్ రిజిస్ట్రీ: కంప్యూటర్ల టెండరు పెట్టేవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

కాలేజీ ల్యాబుకో ఆఫీసుకో పెద్ద సంఖ్యలో కంప్యూటర్లు కొనే టెండర్లలో "ఈపీట్ గోల్డ్ ఉండాలి" (ఈపీట్ అంటే పర్యావరణానికి తక్కువ హాని చేసే ఎలక్ట్రానిక్ పరికరాలకు ఇచ్చే ముద్ర, గోల్డ్ అందులో పై స్థాయి) అన్న షరతు మామూలైపోయింది. చాలాసార్లు అది పాత టెండరులోంచి కాపీ చేసిన వాక్యం. దాని వెనక ఎవరున్నారు, ఎవరు తనిఖీ చేస్తారు అని కొనుగోలు కమిటీలో అడిగేవాళ్ళు తక్కువ. వెండరు బ్రోచర్‌లో ఆకుపచ్చ లోగో చూపిస్తే ఫైలు కదిలిపోతుంది. నిజానికి లోగోకు సొంతంగా విలువ లేదు. చూడాల్సింది ఈపీట్ ఆన్‌లైన్ రిజిస్ట్రీ. అది ఉచితం, ఎవరైనా వెతుక్కోవచ్చు. ఈ సమీక్ష దాని గురించే.

ఈపీట్ 2006లో అమెరికాలో మొదలైంది. నడిపేది గ్లోబల్ ఎలక్ట్రానిక్స్ కౌన్సిల్ అనే లాభాపేక్ష లేని సంస్థ. దాని పాత పేరు గ్రీన్ ఎలక్ట్రానిక్స్ కౌన్సిల్. 2007 జనవరిలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు ఫెడరల్ శాఖలు కొనే ఎలక్ట్రానిక్స్‌లో 95 శాతం ఈపీట్‌లో నమోదైనవే కావాలని చెప్పడంతో కంపెనీలన్నీ ఇటు తిరిగాయి. లెక్క సులువు. తప్పనిసరి ప్రమాణాలన్నీ తీరిస్తే బ్రాంజ్. వాటితో పాటు ఐచ్ఛిక పాయింట్లలో కనీసం సగం వస్తే సిల్వర్, 75 శాతం వస్తే గోల్డ్. ఒక రకం పరికరానికి ఐచ్ఛిక పాయింట్లు 40 అనుకుంటే, సిల్వర్‌కు 20, గోల్డ్‌కు 30 కావాలి.

ఇక్కడ ఒక్కటి గమనించాలి. రెండు గోల్డ్ ల్యాప్‌టాప్‌లు సమానమని కాదు. ఒకటి రీసైకిల్డ్ ప్లాస్టిక్‌తో పాయింట్లు తెచ్చుకుని ఉండవచ్చు, ఇంకొకటి ప్యాకింగ్‌తో. ఏ మోడల్ ఏ ప్రమాణం తీర్చానని ప్రకటించిందో రిజిస్ట్రీలో విడివిడిగా కనిపిస్తుంది. కొనేవాళ్ళకు మెడల్ రంగు కన్నా ఆ జాబితా ఎక్కువ పనికొస్తుంది, కానీ దాన్ని తెరిచి చూసేవాళ్ళు అరుదు.

తనిఖీ ఎలా జరుగుతుందంటే, కంపెనీ ముందు ఒక కన్ఫార్మిటీ అష్యూరెన్స్ బాడీని ఎంచుకుని ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఆడిట్ సంస్థ కాగితాలు పరిశీలించాకే ఉత్పత్తి రిజిస్ట్రీలోకి ఎక్కుతుంది. అసలు పని ఆ తర్వాతే. విడతల వారీగా కొన్ని ఉత్పత్తులను, కొన్ని ప్రమాణాలను ఎంచి తిరిగి పరిశీలిస్తారు. ఏ ఉత్పత్తి, ఏ ప్రమాణం అన్నది కంపెనీకి ముందు తెలియదు. పరిశీలన మూడు స్థాయిల్లో ఉంటుంది: అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం చూడడం, కంపెనీ నుంచి ఆధారాలు తెప్పించడం, యంత్రాన్ని తెచ్చి ల్యాబులో విప్పి పరీక్షించడం. ఆధారం చూపలేకపోతే తప్పు దిద్దుకోవాలి, లేదా ఆ పాయింటు వదులుకోవాలి. తప్పనిసరి ప్రమాణమే తప్పితే ఉత్పత్తి రిజిస్ట్రీ నుంచి దిగిపోతుంది. విడత ముగిశాక ఫలితాల నివేదికను బహిరంగంగా పెడతారు. ఈపీట్‌లో మాకు బాగా నచ్చేది ఇదే.

ముద్ర వేశాక మళ్ళీ చూడడం ఎంత అవసరమో, కరెంటు తక్కువ వాడే పరికరాలకు అమెరికాలో ఇచ్చే ఎనర్జీ స్టార్ ముద్ర చరిత్ర చెబుతుంది. 2010లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ, లేని కంపెనీల పేర్లతో 20 ఉత్తుత్తి వస్తువులకు దరఖాస్తు చేసింది. 15కు ముద్ర వచ్చేసింది. అందులో పెట్రోలుతో నడిచే అలారం గడియారం కూడా ఉంది. కంపెనీ మాటనే నమ్మే పద్ధతి అలా బయటపడ్డాక, 2011 నుంచి గుర్తింపు పొందిన ల్యాబు పరీక్ష, బయటి సంస్థ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. కంప్యూటర్లకు ఈపీట్ కావాలంటే ఎనర్జీ స్టార్ అర్హత ఉండాలి కాబట్టి, ఆ మార్పు ఈపీట్‌కూ బలమిచ్చింది.

రిజిస్ట్రీ వాడే పద్ధతికి వస్తే, ముందు పరికరం రకం, తర్వాత దేశం ఎంచుకోండి. ఈ దేశం అన్న గడి దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఈపీట్ నమోదు దేశం వారీగా ఉంటుంది. అమెరికా జాబితాలో గోల్డ్ ఉన్న మోడల్ భారత్ జాబితాలో అసలు లేకపోవచ్చు, ఉన్నా సిల్వర్ కావచ్చు. కారణం స్పష్టమే: పాత యంత్రాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు లాంటి ప్రమాణాలను నమోదు చేసిన దేశంలోనే తీర్చాలి. అమెరికాలోని టేక్‌బ్యాక్ కేంద్రం వరంగల్ కాలేజీకి ఎందుకూ పనికిరాదు. కాబట్టి వెండరు పంపిన స్క్రీన్‌షాట్‌లో దేశం పేరు కనబడకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

తర్వాత మోడల్ నంబరు. సిరీస్ పేరుతో సరిపెట్టకుండా కొటేషన్‌లో ఉన్న పూర్తి నంబరుతో పోల్చాలి. ఒకే సిరీస్‌లో గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై మారితే ఎనర్జీ స్టార్ అర్హత మారవచ్చు. నమోదు ఇంకా చెల్లుబాటులో ఉందా, ఆర్కైవ్‌లోకి వెళ్ళిందా అన్నదీ చూడాలి. టెండరుకు, సరుకు దిగడానికి మధ్య నెలలు గడుస్తాయి, ఆలోగా స్థితి మారిపోవచ్చు. అందుకే బిడ్డు తేదీన ఒకసారి, డెలివరీ తేదీన ఇంకోసారి కమిటీ తానే వెతికి, ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోవాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆడిట్ సంస్థకు ఫీజు కట్టేది తనిఖీ చేయించుకునే కంపెనీయే. విడతల ప్రణాళిక కౌన్సిల్ చేతిలో ఉండటం వల్ల ఆ ఒత్తిడి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇంతకన్నా పెద్ద సమస్య ప్రమాణాలు రాసే బల్ల దగ్గర ఉంది. కంప్యూటర్ల ప్రమాణం చాలాకాలం ఐఈఈఈ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) 1680.1గా, ఏకాభిప్రాయ పద్ధతిలో తయారైంది. అక్కడ తయారీదారుల గొంతు బలంగా ఉండటంతో రిపేరుకు అనుకూలమైన షరతులు నీరుగారాయని రిపేరు హక్కుల వాళ్ళు చేసిన విమర్శలో న్యాయం ఉంది. 2012 జులైలో ఆపిల్ తన 39 ఉత్పత్తులను ఈపీట్ నుంచి తీసేసుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మ్యాక్‌లు కొనడం ఆపుతామనగానే కొద్దిరోజుల్లో వెనక్కి వచ్చింది. బ్యాటరీ గమ్‌తో అతికించిన పల్చని ల్యాప్‌టాప్‌ల మీద సందేహం రేగింది. అదే ఏడాది అక్టోబరులో, ల్యాబులో విప్పి చూశాక, అవి ప్రమాణాలకు లోబడే ఉన్నాయని ఈపీట్ తేల్చింది. తనిఖీ నిజాయితీగా జరిగినా ప్రమాణం మాట వదులుగా ఉంటే ఫలితం అలాగే వస్తుంది. ముద్రలో రిపేరు సౌలభ్యం కలిసే ఉంటుందని అనుకోవద్దనేది ఇందుకే.

పోల్చాలంటే స్వీడన్‌కు చెందిన ఇలాంటి ముద్రే టీసీఓ సర్టిఫైడ్ ఉంది. 1992లో మానిటర్లతో మొదలైంది. ప్రమాణాలు సుమారు మూడేళ్ళకోసారి కొత్త తరంగా వస్తాయి. పదో తరం 2024లో మొదలైంది. సర్టిఫికెట్ ఇచ్చే ముందే ప్రతి మోడల్‌నూ బయటి సంస్థ పరిశీలిస్తుంది, ఫ్యాక్టరీల్లో కార్మికుల స్థితి మీదా ఆడిట్లుంటాయి. ముందస్తు తనిఖీలో టీసీఓదే పైచేయి. మోడళ్ళ సంఖ్యలో, దేశం వారీ వివరంలో ఈపీట్ ముందుంది. మానిటర్లు కొనేటప్పుడు రెండింటిలో ఏది ఉన్నా ఒప్పుకోవడం మంచిది, పోటీ తగ్గదు.

మన దేశపు ముద్రలను వీటితో కలపకండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఇచ్చే 'ఆర్' నంబరు విద్యుత్ భద్రతకు. బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) నక్షత్రాలు కరెంటు వాడకానికి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు సీసం, పాదరసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం మించకూడదంటాయి. ఇది చట్టం, ఈపీట్ ఉన్నా లేకపోయినా వర్తిస్తుంది. ఉత్పత్తిదారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉన్నాడో లేదో టెండరులో విడిగా అడగాలి.

ఇంటికి ఒక్క ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు ఇంత శ్రమ పడక్కర్లేదు. మీ ఊళ్ళో సర్వీసు సెంటరుందా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా చూసుకుంటే చాలు. టెండరు పెట్టేవాళ్ళకు మాత్రం ఈ రిజిస్ట్రీకి అయిదుకు నాలుగు ఇస్తాం. షరతును ఇలా రాయండి: "కోట్ చేసిన పూర్తి మోడల్ నంబరు, బిడ్డు తేదీన, డెలివరీ తేదీన, ఈపీట్ రిజిస్ట్రీలో భారత్ కింద గోల్డ్ స్థాయిలో చెల్లుబాటులో ఉండాలి, లేకుంటే సరుకు తిరస్కరించబడుతుంది."