ఓర్వకల్లు ప్లాటా, కర్నూలులో కట్టిన ఇల్లా: ఏది మేలు?

స్థలాల మార్కెట్ మళ్లీ లేస్తోంది కదా, చేతిలో ఉన్న డబ్బుతో ఓర్వకల్లు వైపు వెంచర్‌లో ప్లాటు కొనాలా, ఊళ్లోనే కట్టిన ఇల్లు చూసుకోవాలా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నేనూ ఇటీవలే వెంకటరమణ కాలనీ వైపు ఒక పాత ఇల్లు కొన్నాను గనుక, నా మొగ్గు ఎటో ముందే చెప్పడం న్యాయం.

మార్కెట్ కోలుకుంటోందన్న మాట ఉత్తిది కాదు. రిజర్వు బ్యాంకు 2025లో రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీని, 6.5 శాతం నుంచి 5.25 శాతానికి దించింది. ఆ తగ్గింపు పూర్తిగా మనదాకా వస్తే, 20 ఏళ్ల గడువుతో 30 లక్షలు అప్పు తీసుకున్నవారికి నెలసరి కంతు సుమారు 2,300 రూపాయలు తగ్గుతుంది. 2024 జూలైలో రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం వచ్చింది, ఎత్తుబడి, రవాణా ఖర్చులు ఎటూ తప్పవనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అదే ఏడాది అక్టోబరు 16న ప్రధాని కర్నూలుకు వచ్చి ఓర్వకల్లు, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామిక వాడలకు శంకుస్థాపన చేశారు. వీటిలో వడ్డీ, ఇసుక, సిమెంటు ఇల్లు కట్టుకునేవారికి, కొనుక్కునేవారికి ఇప్పుడే అందే మేలు. శంకుస్థాపన మాత్రం ఫ్యాక్టరీలు వచ్చి, అందులో మనుషులు పనికి కుదిరాక అందాల్సిన మేలు.

నా దృష్టిలో తేల్చే విషయం ఇదే: మనం కొన్న చోట ఎవరు కాపురం ఉంటారు? ప్లాటు ధర వార్తను బట్టి నడుస్తుంది, ఇంటి ధర జీతాలను బట్టి నడుస్తుంది. 2020లో మూడు రాజధానుల్లో కర్నూలు న్యాయ రాజధాని అన్నప్పుడు, 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు, 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసినప్పుడు, ప్రతిసారీ సెంటు ధర ఇంత అంత అని బ్రోకర్ల ఫోన్లు మోగాయి. మూడు రాజధానుల చట్టాన్ని 2021 నవంబరులోనే ఉపసంహరించుకున్నారు. ఆ వేడిలో కొన్నవారికి ఎదురైన చిక్కు ఏమిటంటే, వెంచర్‌లో కొన్నవాడూ అమ్ముకుందామని చూసేవాడే; కట్టుకుని ఉందామని వచ్చేవాడు అరుదు.

లెక్క కూడా చూద్దాం. సెంటు 4 లక్షల చొప్పున 5 సెంట్లు కొన్నారనుకోండి. 20 లక్షలకు స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ సుంకాలు కలిపి 7.5 శాతం, అంటే మరో లక్షన్నర. ఈ 21.5 లక్షలను ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే అయిదేళ్లకు 29 లక్షలు దాటుతుంది. అంటే సెంటు దాదాపు 6 లక్షలకు అమ్మితేనే మీరు నష్టపోనట్టు, అప్పుడు కొనేవాడు తన సుంకాన్ని కూడా లెక్కేసుకునే ధర చెబుతాడు. ఇంటి లెక్కా గొప్పదేమీ కాదు: 30 లక్షల ఇంటికి నెలకు 9,000 అద్దె వచ్చినా ఏడాదికి 3.6 శాతమే, అందులోంచే సున్నం, రంగులు, ఇంటి పన్ను పోవాలి. అయినా ఆ డబ్బు నెలనెలా వస్తుంది, మనమే ఉంటే అద్దె మిగులుతుంది. పెద్దాసుపత్రి, మెడికల్ కాలేజీ, కోర్టులు, ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నంతకాలం నర్సులకు, జూనియర్ డాక్టర్లకు, లెక్చరర్లకు ఇల్లు కావాలి. ఆ అవసరం ఏ ప్రకటన మీదా ఆధారపడదు. మరోపక్క, కట్టడం ఏటేటా పాతబడుతుందని, విలువ పెరిగేది నేలకేనని ప్లాటు పక్షం వారు అనే మాట నిజం. అందుకే నేను ఫ్లాటు కాక, అడుగున నేల ఉన్న ఇల్లు చూసుకున్నాను. కర్నూలులో కొనేవారు ఇంకొకటి తప్పక అడగాలి: 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగినప్పుడు ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయని. అమ్మేవారు దాటవేసినా ఇరుగుపొరుగు చెబుతారు.

ఫ్లాటు విషయానికొస్తే, ఊళ్లో ఉద్యోగం చేసే చిన్న కుటుంబానికి సరిపోతుంది. కట్టుబడి పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చినదైతే జీఎస్టీ కూడా ఉండదు.

సొంత ఇల్లు ఉండి, పదేళ్లు కదిలించకుండా ఉంచగలిగే డబ్బు ఉన్నవారు ఓర్వకల్లు వైపు వెళ్తే నేను వద్దనను. అలాంటివారు కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) చూసుకున్నాక, పక్కనే నాలుగైదేళ్ల కిందట వేసిన వెంచర్‌లోకి కూడా ఒకసారి వెళ్లి, అక్కడ ఎన్ని ఇళ్లు లేచాయో, ఎన్నింటికి కరెంటు మీటర్లు ఉన్నాయో చూసి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వాలి.