బాస్కెట్‌బాల్ గ్యాలరీ నిండాలంటే టీషర్టులు పంచాలా, ఆఖరి బస్సు ఆపాలా?

డిసెంబరులో బెజవాడలో మా కాలేజీ జట్టు గుంటూరు వాళ్లతో ఆడుతుంటే గ్యాలరీలో ఉన్నవాళ్లను లెక్కపెట్టాను. 23 మంది. అందులో ఎనిమిది మంది తర్వాతి మ్యాచ్ ఆడాల్సిన పిల్లలే. పై మెట్టు మీద, ఎండకి కొంగు తల మీద కప్పుకుని ఒకావిడ కూర్చుంది. మా పాయింట్ గార్డు, అంటే జట్టులో బంతి నడిపించే కుర్రాడి వాళ్లమ్మ. సింగ్‌నగర్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది. కాసేపటికి నన్ను పిలిచి, "బాబూ, అందరూ వేస్తే రెండు కలుపుతున్నారు, మావాడు వేస్తే మూడు కలిపారు. లెక్క తప్పారేమో, ఒకసారి చెప్పు వాళ్లకి" అంది. రింగుకి 6.75 మీటర్ల దూరంలో ఉండే ఆ వంపు గీత చూపించి, దాని అవతల నుంచి వేస్తే మూడు అని చెప్పాను. అక్కడి నుంచి ఆవిడ స్కోరు చూడలేదు. కొడుకు కాళ్లు ఎక్కడున్నాయో చూస్తూ కూర్చుంది. వాడు మళ్లీ గీత దగ్గరికి వచ్చేసరికి చెప్పులు వదిలి లేచి నిలబడింది.

ఆ కోర్టులో నేనూ మూడేళ్లు ఆడాను. ఈసారి పాత విద్యార్థులం నలుగురం కలిసి రూ.20,000 పోగేశాం, జనాన్ని రప్పించడానికి. దేనికి పెడదామని ఆటలు చూసుకునే పీడీ సార్ అడిగితే నలుగురివీ నాలుగు మాటలయ్యాయి. నెల రోజులుగా ఈ విషయమే ఆలోచిస్తున్నాను.

అన్నిటికన్నా తేలిక దారి ఓడీ, అంటే క్లాసుకి రాకపోయినా హాజరు ఇచ్చి పిల్లల్ని తీసుకొచ్చి కూర్చోబెట్టడం. రూపాయి ఖర్చు లేదు, పావుగంటలో గ్యాలరీ నిండుతుంది. కానీ నేను ఆడే రోజుల్లో ఒక టోర్నమెంటు ఇలాగే మొదలైంది. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించేదాకా మూడొందల మంది ఉన్నారు. హాజరు కాగితం చేతులు మారి ముందుకు వెళ్లిపోయాక, రెండో క్వార్టర్‌కి మెట్లు ఖాళీ. ఆడేవాళ్లకి అది కనిపిస్తుంది. ముందు నుంచీ ఎవరూ లేకపోతే అంత బాధ ఉండదు. కళ్లముందే లేచి వెళ్లిపోతుంటే మాత్రం చేతిలో బంతి బరువెక్కుతుంది. దీని గురించి ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు.

రెండోది మా స్నేహితుడి పట్టు: మొదట వచ్చిన వందమందికి టీషర్టులు. అమెరికా కాలేజీల్లో ఇవి మామూలే. ఉచిత టీషర్టు, పిజ్జా, హాఫ్ టైమ్‌లో బంతి వేస్తే బహుమతి, అన్నీ ఉంటాయి. అయితే అక్కడ కూడా ఏళ్ల తరబడి నిలిచినవి చూస్తే సంగతి వేరేగా ఉంది. డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల కామెరాన్ ఇండోర్ స్టేడియంలో పట్టేది 9,314 మంది. ప్రత్యర్థి నార్త్ కరోలినా యూనివర్సిటీతో మ్యాచ్ అంటే విద్యార్థులు బయట పచ్చిక మీద గుడారాలు వేసుకుని వారాల తరబడి వంతులవారీగా కాపలా కాస్తారు. వాళ్లకి కావల్సింది కోర్టు పక్కన నిలబడే చోటు, అంతే. ఇండియానా రాష్ట్రంలో అప్లండ్ అనే చిన్న ఊళ్లో టేలర్ యూనివర్సిటీ ఉంది. అక్కడ ఏటా డిసెంబరులో ఒక మ్యాచ్‌కి రకరకాల వేషాలు కట్టుకొస్తారు. తమ జట్టు పదో పాయింట్ కొట్టేదాకా ఒక్కరూ నోరు విప్పరు. పదో పాయింట్ పడగానే హాలు దద్దరిల్లిపోతుంది. దానికి పైసా ఖర్చు లేదు. మన హాస్టల్ పిల్లలకి ఒక్కసారి చెప్పి చూడండి, ఇంతకన్నా బ్రహ్మాండంగా చేస్తారు.

టీషర్టుతో ఇంకో చిక్కు ఉంది. రెండో మ్యాచ్‌కి కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే "ఈసారి ఏమీ లేదటరా" అనే మాట ముందు పాకుతుంది. మాకున్న డబ్బు ఒక్క మ్యాచ్‌కే చెల్లిపోతుంది. హాఫ్ టైమ్ పోటీ మాత్రం నాకు నచ్చింది. పదిహేను నిమిషాలు కోర్టు ఊరికే ఉంటుంది. చూడటానికి వచ్చిన ఒక ఫస్టియర్ అమ్మాయి ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి, 3.05 మీటర్ల ఎత్తున్న రింగులోకి బంతి వేయబోయి అందక నవ్వుకుంటే, ఆ తర్వాత ఆడేవాళ్లని చూసే చూపే మారిపోతుంది. ప్రైజుగా ప్లేటు పునుగులు చాలు.

ఇక అసలు సంగతి టైము, బస్సు. ఇక్కడే ఎక్కువ సేపు ఆగాలి, ఎందుకంటే మన ఊళ్లో జబ్బు ఇక్కడే ఉంది. రూల్ పుస్తకం ప్రకారం మ్యాచ్ పదేసి నిమిషాల నాలుగు క్వార్టర్లు, మొత్తం నలభై నిమిషాలు. ఫౌళ్లు, టైమ్ అవుట్‌లు, హాఫ్ టైమ్ కలిపితే గంటన్నర. మా దగ్గర మ్యాచ్ మొదలయ్యేది మూడున్నరకి, కాలేజీ బస్సులు కదిలేది నాలుగూ ఇరవైకి. గన్నవరం, ఉయ్యూరు, మంగళగిరి, తెనాలి నుంచి వచ్చే డే స్కాలర్లు సగంలో బ్యాగు భుజాన వేసుకోవాల్సిందే. ఒక్క పాయింట్ తేడాతో ఊగే నాలుగో క్వార్టర్‌ని మా కాలేజీలో చూసినవాళ్లు ఎంతమంది? ఆట మీద ఇష్టం పుట్టేది ఆ చివరి మూడు నిమిషాల్లోనే. అది చూపించకుండా పిల్లలకి ఆసక్తి లేదనడం అన్యాయం.

హాస్టల్ పిల్లలకి బస్సు గొడవ లేదు కానీ ఎండ ఉంది. సిమెంటు మెట్లు మూడున్నరకి ఎలా ఉంటాయో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు, అది డిసెంబరైనా సరే. అదే మ్యాచ్ శనివారం సాయంత్రం ఆరింటికి, లైట్ల కింద పెడితే? మర్నాడు ఆదివారం, క్లాసులు లేవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాలు హాయిగా ఉంటాయి. ఏడున్నరకి మ్యాచ్ అయిపోతుంది. మెస్ ఇంకో గంట తెరిచి ఉంచాలి. ఏడూ ముప్పావుకి ఒక బస్సు బెంజి సర్కిల్ మీదుగా బస్టాండు దాకా, ఇంకొకటి మంగళగిరి వైపు వెళ్లాలి. డీజిలు, డ్రైవర్ల ఓవర్ టైము మా డబ్బుతో భరించొచ్చు.

అమ్మాయిల మ్యాచ్ సంగతి విడిగా చెప్పాలి. మా దగ్గర ఎప్పుడూ వాళ్లదే ముందు పెడతారు, మిట్టమధ్యాహ్నం రెండింటికి, ఎవరూ లేని గ్యాలరీ ముందు. లేడీస్ హాస్టల్‌కి ఆరున్నరకల్లా చేరాలన్న రూలు వల్ల సాయంత్రం మ్యాచ్‌కి తోటి అమ్మాయిలే రాలేరు. చూసే అవకాశమే ఇవ్వకుండా "అమ్మాయిల ఆట ఎవరు చూస్తారు" అంటే ఎలా? 2023 అక్టోబర్ 15న అమెరికాలో అయోవా యూనివర్సిటీ అమ్మాయిల జట్టు ఫుట్‌బాల్ స్టేడియంలో కోర్టు పరిచి ఆడితే 55,646 మంది వచ్చారు. అది లీగు మ్యాచ్ కూడా కాదు, సీజన్‌కి ముందు ఆడే సన్నాహక మ్యాచ్. ఆ జట్టు స్టార్ కైట్లిన్ క్లార్క్ ఆ రాష్ట్రంలోనే పుట్టిన అమ్మాయి. మన పిల్ల అనుకుని వచ్చారు జనం. మా జట్టులోనూ ప్రతి అమ్మాయికీ ఒక ఊరుంది, ఒక బ్రాంచి ఉంది, ఒక హాస్టల్ గది ఉంది. ఆ గది వాళ్లు రాగలిగితే చాలు.

మధ్యాహ్నం లంచ్‌లో త్రీ ఆన్ త్రీ, అంటే జట్టుకి ముగ్గురేసి ఆడే ఆట పెడదామన్నది నాలుగో మాట. సగం కోర్టు, పది నిమిషాలు, లేదంటే ముందు 21 పాయింట్లు కొట్టినవాళ్లది గెలుపు. టోక్యో ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్ ఆట కూడా. ఖర్చు, కంటికి కనబడటం, రెండూ లెక్కేస్తే దీన్ని మించింది లేదు. క్యాంటీన్‌కి వెళ్లేవాళ్లు ఆగి చూస్తారు. కానీ నిలబడి చూసి వెళ్లిపోయే జనం వేరు, జట్టు పేరు పట్టుకుని అరిచే జనం వేరు. అందుకని దీన్ని శనివారం మ్యాచ్‌కి దండోరాలా వాడుకోవాలంటాను. బుధవారం లంచ్‌లో జట్టు కుర్రాళ్లు, అమ్మాయిలు చెరో బ్రాంచి తరఫున ఆడితే, సాయంత్రానికి వాళ్ల పేర్లు నలుగురి నోళ్లలో పడతాయి.

మైకు గురించి ఎవరూ అడగలేదు, నేనే అన్నాను. గుంటూరు పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి తెలుస్తుంది, అక్కడ మైకు పట్టుకున్న మనిషి సగం పోటీ. ఏ జత ఎవరిది, ఎన్ని అడుగులు లాగింది, ఇంకెంత సమయం ఉంది, అంతా చెబుతుంటే ఎడ్ల గురించి ఏమీ తెలియనివాడు కూడా మునివేళ్ల మీద నిలబడతాడు. బాస్కెట్‌బాల్‌లో ఇరవైనాలుగు సెకన్లలో బంతి వేయాలన్న రూలుంది. దాన్ని తెలుగులో గట్టిగా లెక్కపెడితే చాలదా? "ఇంకా ఐదు... నాలుగు..." అంటుంటే గ్యాలరీ మొత్తం గొంతు కలుపుతుంది. ఎందుకు ఫౌల్, ఎందుకు మూడు, ఎవరీ పిల్లవాడు, ఏ ఊరు, ఇవన్నీ మైకులో వినబడితే పై మెట్టు మీద కూర్చున్న అమ్మకి ఎవరినీ పిలిచి అడగాల్సిన పని ఉండదు.

గుంటూరుతో పోటీని ఏటా ఒకే వారంలో, ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పెట్టాలన్నది పీడీ సార్ చిరకాల కోరిక. మధ్య ఉన్నది 35 కిలోమీటర్లు, ఆ పట్టుదల రెండు ఊళ్లలోనూ ఎప్పటినుంచో ఉంది. కానీ ముందు మన గ్యాలరీ నిండాలి. ఖాళీ మెట్ల ముందు పోటీ అంటే ఎవరికీ ఊపు రాదు.

కాబట్టి నా ఓటు బస్సుకి, ఆ తర్వాత మైకుకి. టీషర్టులకి ఈ ఏడాది వద్దు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. టీషర్టుల స్నేహితుడు హాఫ్ టైమ్ పోటీ తనే నడిపిస్తానన్నాడు. లేడీస్ హాస్టల్ వార్డెన్ గారికి మ్యాచ్‌లుండే నాలుగు శనివారాలకీ ఎనిమిదింటి దాకా పర్మిషన్ అడుగుతూ ఉత్తరం రాశాం. అమ్మాయిల మ్యాచ్ రెండోదిగా పెడితే ఆ టైము కూడా చాలదు, అందుకే మొదటి శనివారం సాయంత్రం వాళ్ల మ్యాచ్ ఒక్కటే పెట్టమని అందులోనే అడిగాం. ట్రాన్స్‌పోర్టు ఆయన రూటు కాగితం ఇమ్మంటే ఇచ్చాను. బస్టాండు దగ్గర ఆగిపోయే బస్సుని సింగ్‌నగర్ దాకా పొడిగించమని కింద పెన్నుతో రాశాను.